మా చెల్లెలి చెవి

సావనీరుకు ఏదైనా సైన్సు వ్యాసం రాయమని యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు, గ్రహాల గురించో పరమాణువుల గురించో రాద్దామని కాగితాలు ముందు వేసుకు కూర్చున్నాను. కలం కదల్లేదు. కళ్ల ముందు మా చెల్లెలి చెవే మెదులుతూ వచ్చింది. అంచేత విజ్ఞానం సంగతి అటుంచి, విజ్ఞానం చదువుతున్న ఒక అమ్మాయి అజ్ఞానం గురించి రాస్తున్నాను. పాఠకులు పెద్ద మనసుతో చదవాలి.

మాది తిరువూరు ప్రాంతంలోని వినగడప. పత్తి, మిరప, వరి, మామిడి తప్ప మరో లోకం తెలియని ఇళ్లు మావి. మా వైపు చెవులు కుట్టించడం ఒక వేడుక. పసిబిడ్డను మేనమామ ఒళ్లో కూర్చోబెడతారు. కంసాలి సన్నటి బంగారు తీగ తెస్తాడు. బిడ్డ గుక్కపట్టి ఏడ్చే లోపల రెండో చెవి కూడా అయిపోతుంది. నోట్లో ఇంత బెల్లం ముక్క పెడతారు. నాకూ, చెల్లికీ అలాగే కుట్టించారు. ఏ ఇబ్బందీ రాలేదు.

పోయిన శ్రావణంలో మా పెద్దమ్మ కూతురి పెళ్లి కుదిరింది. అప్పుడు మొదలుపెట్టింది చెల్లి. తమ్మెకున్న కుట్టు చాలదట. చెవి పైభాగాన, గట్టిగా ఉండే చోట ఇంకొకటి కావాలట. ఇంటర్ చదివే ఆడపిల్లలందరికీ ఉన్నదట. నాయనమ్మ పకపకా నవ్వింది. "నా బావిలీలు చూసి పాతకాలం ముసలిదని వెక్కిరించారు గదే! ఇప్పుడు మీరే ఎగబడుతున్నారు" అంది. ఆవిడ చెవుల పైఅంచున ఇప్పటికీ ఆ రంధ్రాలున్నాయి.

నాన్న మాత్రం నా వంక చూశాడు. "ఏమ్మా, నువ్వు చదివేది ఆ సూక్ష్మజీవుల చదువేగా. ఏం కాదంటావా?" అన్నాడు.

"ఏం కాదు నాన్నా, నేను చూసుకుంటాను" అన్నాను.

ఆ ఒక్క మాట మీద ఒప్పుకున్నాడు.

పట్నంలో ఒక ఫ్యాన్సీ దుకాణానికి పోయాం. పేరు అనవసరం. అక్కడి కుర్రవాడు పిస్తోలు లాంటి ప్లాస్టిక్ పరికరం తీశాడు. ఒక సీసాలోంచి ఏదో మందు చిమ్మాడు. టక్కుమని శబ్దం, చెల్లి నోట "అమ్మా" అన్న కేక, అంతే. మాకంటే ముందు ఇద్దరికి అదే పరికరం, అదే సీసా. "రోజూ స్పిరిట్ రాయండి, కమ్మను తిప్పుతా ఉండండి, లేకపోతే అతుక్కుపోద్ది" అని చెప్పి పంపాడు. పరికరాలను ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల వేడి, 15 పౌండ్ల పీడనం దగ్గర 15 నిమిషాలుంచాలని నిద్రలో లేపి అడిగినా చెప్పగల దాన్ని నేను. ఆ ప్లాస్టిక్ పిస్తోలును ఏ ఆటోక్లేవ్‌లో పెడతారన్న ప్రశ్న మాత్రం ఆ నిమిషాన నాకు తట్టలేదు.

ఇంటికొచ్చాక నా వైద్యం మొదలైంది. రోజుకు నాలుగుసార్లు స్పిరిట్. ప్రతిసారీ కమ్మను గిరగిరా తిప్పడం. చెల్లి మంటకు ఎగిరి పడుతుంటే, "మండితేనే క్రిములు చస్తాయి, ఊరుకోవే" అని కసరడం. రాత్రి నేను నిద్రపోయాక నాయనమ్మ వచ్చి కొబ్బరినూనెలో పసుపు రంగరించి పూసి పోయేది. పొద్దున్నే నేను ఆ పసుపంతా స్పిరిట్‌తో కడిగి ఆవిడను కోప్పడేదాన్ని. పగలు నా సైన్సు, రాత్రి ఆవిడ పసుపు. మధ్యలో ఆ చెవి నలిగిపోయింది.

అయిదో రోజుకు వాచింది. "గాయం మానేటప్పుడు వాపు మామూలే" అన్నాను. ఏడో రోజుకు చెవి పండు మిరపకాయలా ఎర్రబడి, ముట్టుకుంటే కాలిపోతున్నది. చెల్లి రాత్రంతా కూర్చునే ఉంది. "దీని వాలకం నాకేం బాగాలేదు. డాక్టరు దగ్గరికి తీసుకుపోండి" అని మొదట అన్నది ఎవరనుకున్నారు? నేను మూఢనమ్మకాల పుట్ట అని ఎగతాళి చేసిన నాయనమ్మ.

ఆ వారమంతా ముసురు. కట్టలేరు పొంగి చప్టా మీద నీళ్లు పోతున్నాయి. వాగు తగ్గాక పోదాం అన్నాను నేను. చుట్టుదారి ఉన్నదని నాకు తెలుసు. ఆ మాట ఎందుకన్నానో కూడా తెలుసు. డాక్టరు దగ్గరికి పోవడమంటే, "నేను చూసుకుంటాను" అన్న నా మాట ఓడిపోవడం. వాగును అడ్డం పెట్టుకున్నాను గాని, అడ్డం ఉన్నది వాగు కాదు.

తొమ్మిదో రోజు పొద్దున చెల్లి దిండు గలీబు మీద ఒక మరక కనిపించింది. పచ్చగా, కొంచెం నీలం కలిసిన పచ్చదనం. ముక్కు దగ్గర పెట్టుకుంటే అదోరకం తియ్యటి వాసన. నా కాళ్లలో సత్తువ పోయింది. అంతకు ముందు ఏడాది మా లాబొరేటరీలో ఆ రంగు చూశాను, ఆ వాసన చూశాను. సూడోమోనాస్ ఎరుజినోసా అనే సూక్ష్మజీవిది అది. రికార్డులో ఆకుపచ్చ పెన్సిలుతో ఆ ప్లేటు బొమ్మ వేసి, కింద "ద్రాక్షపండు వాసన" అని రాస్తే మా మాస్టారు ఎర్ర సిరాతో "బాగున్నది" అని సంతకం పెట్టారు. గాజు పళ్లెంలో ఉంటే గుర్తుపట్టిన దాన్ని, తోడబుట్టినదాని చెవిలో ఉంటే గుర్తుపట్టలేకపోయాను.

నాన్న ఒక్క మాట కూడా అనకుండా మోటారు సైకిలు తీశాడు. చుట్టుదారిన తిరువూరు, అక్కడినుంచి బస్సులో విజయవాడ.

చెవి, ముక్కు, గొంతు డాక్టరు చూడగానే అడిగిన మొదటి ప్రశ్న: "ఎన్నాళ్లయింది వాచి?" నాలుగు రోజులన్నాను. ఆయన తమ్మెను వేలితో పట్టుకుని చూపించారు. "ఇది చూడమ్మా, మామూలుగా ఉంది. వాపంతా పైనే. లోపలి మృదులాస్థి పొరకు చీము పట్టిందనడానికి గుర్తు ఇదే." తర్వాత ఆయన చెప్పింది ప్రతి ఒక్కరూ తెలుసుకోవలసిన సంగతి. తమ్మె అంటే చర్మం, కొవ్వు; దానికి రక్తం పుష్కలంగా అందుతుంది, గాయం తొందరగా మానుతుంది. చెవి పైభాగం అలా కాదు. లోపల ఉన్న మృదులాస్థికి సొంతంగా రక్తనాళాలే ఉండవు. పైన కప్పిన పలుచని పొరే దానికి తిండి పెడుతుంది. చీము చేరి ఆ పొరను లేవదీసిందా, లోపలిది తిండి లేక చచ్చిపోతుంది. చెవి ముడుచుకుపోతుంది. పిస్తోలు లాంటి పరికరంతో మొద్దు కమ్మను బలవంతాన దూర్చితే ఆ మృదులాస్థి నలిగి, సూక్ష్మజీవికి పాన్పు పరిచినట్టవుతుంది.

మత్తిచ్చి, కోసి, చీము తీశారు. పరీక్షకు పంపితే వచ్చిన పేరు నేను ముందే ఊహించినదే. మందులు వాడి, కట్టు మార్పించుకుంటూ చాలా రోజులు తిరిగాం. చెవి దక్కింది. కాని పైఅంచున ఒకచోట వేలితో నొక్కినట్టు లొత్తపడి అలాగే ఉండిపోయింది. నాలుగు రోజులు ముందు వచ్చుంటే బహుశా మాత్రలతోనే పోయేదన్నారు డాక్టరు. ఆ మాట నాన్న కూడా విన్నాడు.

తర్వాత పుస్తకాలు తిరగేశాను. 2000 సంవత్సరంలో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో ఒక చిన్న నగల దుకాణంలో చెవులు కుట్టించుకున్నవారికి సరిగ్గా ఇదే సూక్ష్మజీవి సోకిందట. 7 మందికి పరీక్షలో రుజువైంది, మరో 18 మందికి అనుమానం. రుజువైనవి చెవి పైభాగం కుట్లే. ఆ సూక్ష్మజీవి ఎక్కడ దాక్కున్నదని వెతికితే దొరికిన చోట్లలో ఒకటి, క్రిములను చంపడానికి చిమ్మే మందు సీసా! ఈ పరిశోధన 2004లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో అచ్చయింది. మా విషయంలో తప్పు సీసాదో, పరికరానిదో, నాదో నేను తేల్చలేను. కాని మందు సీసా అని పేరుపెట్టినంత మాత్రాన అది శుభ్రమైనది కాదని తెలిసింది.

ఇంకా వెనక్కి వెళితే సుశ్రుత సంహిత ఉన్నది. సూత్రస్థానంలో 16వ అధ్యాయం చెవి కుట్టడం గురించీ, తెగిన తమ్మెను అతకడం గురించీ. బిడ్డకు ఆరో నెలలోనో ఏడో నెలలోనో, చెవిని లాగిపట్టి ఎండ వెలుగు ఇవతలికి కనిపించే చోట కుట్టమన్నాడు. తప్పు చోట గుచ్చితే నొప్పి, జ్వరం, వాపు వస్తాయన్నాడు. వెలుగు దూరే చోటంటే పలుచని చోటు, రక్తనాళాలు కంటికి ఆనే చోటు. సూక్ష్మదర్శిని లేని రోజుల్లో ఆయనకున్న జాగ్రత్త, సూక్ష్మదర్శిని ముందు కూర్చునే నాకు లేకపోయింది.

నాయనమ్మను కూర్చోబెట్టి బావిలీల కథ అడిగాను. కంసాలి సూదిని దీపంలో కాల్చి కుట్టాడట. వాళ్లమ్మ గోరువెచ్చటి ఉప్పునీళ్లతో తడిపేదట. "చెయ్యి పెడితే చేతి మీద కొట్టేది. ఏడాది పాటు ఆ పక్కకు తిరిగి పడుకోలా" అంది. నేను పసుపు ఒక్కటే చూశాను. కాల్చిన సూది, ఉప్పునీళ్లు, చెయ్యి పెట్టకపోవడం చూడలేదు. పసుపులో క్రిములను అణిచే గుణం లేదని కాదు. కాని మట్టిలో పండిన కొమ్ము, వంటింటి డబ్బాలో పదిమంది చేతులు పడిన పొడి పచ్చి గాయం మీద వెయ్యదగినది కాదు.

ఇక చెవో ముక్కో కుట్టించుకోదలచిన మిత్రులకు, మూల్యం చెల్లించి నేర్చుకున్న నాలుగు మాటలు.

మీ కళ్ల ముందు పొట్లం విప్పిన కొత్త సూదితో, చేతులకు తొడుగులు వేసుకుని కుట్టేవారి దగ్గరికే పొండి. ఒకరికి వాడిన సూది మరొకరికి వాడితే కామెర్ల జబ్బు, అంటే హెపటైటిస్-బి, కూడా రావచ్చు. చెవి పైభాగానికి ఆ పిస్తోలు పరికరం ఎంతమాత్రం వద్దు. ధనుర్వాతం టీకా వేయించుకుని ఎన్నాళ్లయిందో చూసుకోండి. పేడ, మట్టి ముట్టుకునే మన ఇళ్లల్లో ఇది మరీ ముఖ్యం.

గాయం దగ్గరికి పోయే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. మందుల షాపులో సెలైన్ దొరుకుతుంది. అందులో ఉప్పు 0.9 శాతం, మన రక్తంతో సమానమైన గాఢత. అదే శ్రేష్ఠం. అది లేనినాడు మరిగించి చల్లార్చిన లీటరు నీళ్లలో 9 గ్రాములు, అంటే సుమారు చెంచాన్నర ఉప్పు. ఏ పూటకాపూట కలుపుకోవాలి. రోజుకు రెండుసార్లు తడిపితే కట్టిన పొక్కు మెత్తబడి తనే ఊడుతుంది, గోటితో గీరకూడదు. తర్వాత శుభ్రమైన గాజుగుడ్డతో అద్దండి. ఇంటిల్లిపాదీ వాడే తువ్వాలు, పైటచెంగు పనికిరావు.

అంతకు మించి ఏమీ చెయ్యకండి. ఇదే కష్టమైన భాగం. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ క్రిములతోపాటు కొత్తగా పుట్టే చర్మాన్నీ చంపుతాయి. నూనెలు, పొడులు వద్దు. కమ్మను తిప్పవద్దు; తిప్పినప్పుడల్లా మానుతున్న గాయాన్ని మళ్లీ రేపినట్టే. తమ్మె మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, చెవి పైభాగానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. అందాకా వాగులో, చెరువులో తల ముంచి స్నానాలు మానండి. దిండు గలీబు తరచూ మార్చండి. మిరపకోతకు, పత్తి మందు కొట్టడానికి పోయిన చేతులు చెవి దగ్గరికి రానీయకండి.

మొదటి రోజుల్లో కొంచెం ఎరుపు, కొంచెం సలుపు, తేటగా కారే రసం మామూలే. దురద, దద్దురు మాత్రమే ఉంటే గిల్టు కమ్మలోని నికెల్ పడకపోవడం కావచ్చు. కాని ఎరుపు పాకుతున్నా, వేడిగా ఉన్నా, పచ్చగానో పసుప్పచ్చగానో చీము కారుతున్నా, జ్వరం తగిలినా ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి. కమ్మను మీరే పీకేయవద్దు. రంధ్రం మూసుకుని చీము లోపలే ఉండిపోవచ్చు. తీయాలో వద్దో డాక్టరు చెబుతారు.

చెల్లి ఇప్పుడు జుట్టు చెవి మీదికి వచ్చేలా దువ్వుకుంటుంది. నన్ను ఒక్కనాడు నిష్ఠూరమాడలేదు. ఒకసారి మాత్రం అద్దం ముందు నిలబడి, "అక్కా, ఇది కూడా రికార్డులో వేసుకో" అని నవ్వింది. ఆ నవ్వుకు సమాధానం నా దగ్గర లేదు.

మొన్న సంక్రాంతికి మా చిన్నాన్న మనవరాలికి చెవులు కుట్టించారు. కంసాలి వచ్చే ముందు నాన్న మళ్లీ నా వంకే చూశాడు. "ఏమ్మా, ఏం చెయ్యమంటావు?" అన్నాడు. మళ్లీ అడుగుతాడని నేననుకోలేదు. కొత్త సూది తెప్పించాను, ఉప్పునీళ్లు కాచాను. నాయనమ్మ అలవాటు కొద్దీ పసుపు గిన్నె తెచ్చింది. "పసుపు గడపకు రాద్దాం నాయనమ్మా, చెవికి వద్దు" అన్నాను. గొణుక్కుంటూనే గడపకు రాసింది.

"వాస్తే ఏం చెయ్యాలి?" అని అడిగింది పిల్ల తల్లి.

"నేను చూసుకుంటాను" అనలేదు ఈసారి. "వాగు పొంగినా సరే, అదే రోజు డాక్టరు దగ్గరికి పోవాలి వదినా. చుట్టుదారి ఉంది" అన్నాను.

— బి.యస్సీ. తృతీయ సంవత్సర విద్యార్థిని