విహంగముల విడిది

గన్నవరమను పేరు వినగానే నేడు ఎవరికైనను విమానములు జ్ఞప్తికి వచ్చును. రెండవ ప్రపంచయుద్ధకాలమున సైన్యమునకు ఉపయోగపడిన అచ్చటి మైదానము నేడు పెద్ద విమానాశ్రయమైనది. కాని చీటి కొనకయు, పెట్టె సర్దకయు ఆ ప్రాంతపు ఆకాశమున ప్రయాణము చేయువారు మరికొందరు కలరు. వానలు తగ్గి చలిగాలి మొదలుకాగానే బారులు తీరి ఎగురుచు వచ్చు పక్షులే ఆ ప్రయాణికులు. వానిని కన్నులార చూడగోరువారికి కృష్ణా డెల్టా మిక్కిలి అనువైన చోటు.

పెండ్లికి పోవువారు ముహూర్తము చూచుకొందురు. తీర్థమునకు పోవువారు తిథి చూచుకొందురు. పక్షులను చూడబోవువారు అన్నిటికంటె ముందు నీటిని చూచుకొనవలెను. ఈ సంగతి తెలియనివారు ఎంత దూరము తిరిగినను వట్టిచేతులతో మరలి వత్తురు.

ఒక సంక్రాంతికి ముందు, ఆ ఊరిలో ఉపాధ్యాయపదవినుండి విరమించిన వృద్ధుడొకడు ఎనిమిదవ తరగతి చదువుచున్న తన మనుమరాలికి పక్షులను చూపెదనని మాట ఇచ్చెను. ఆ బాలిక ఆ రాత్రియే ప్రయాణపు పట్టిక వ్రాసి తెచ్చినది. మొదటి దినము ఉదయము కొల్లేరు, మధ్యాహ్నము మచిలీపట్నము, సాయంకాలము హంసలదీవి. రెండవ దినము ఇంటికి రాక. తాత దానిని చదివి చిరునవ్వు నవ్వెను.

“అమ్మా! ఈ పట్టికలో మన వీలు చక్కగా నున్నది. పక్షుల వీలు ఎక్కడ నున్నది?”

“పక్షులకు వీలేమిటి, తాతయ్యా! అవి ఎప్పుడును అక్కడనే యుండునుగదా!”

“ఎప్పుడును ఉండుననుకొన్నవారు పూర్వమును కొందరుండిరి” అనుచు ఆయన భూపటమును విప్పెను.

ఆయన వ్రేలు మొదట బుడమేరుపై నిలిచినది. 2024 సెప్టెంబరులో పొంగి విజయవాడలో పెక్కు వాడలను ముంచిన యేరిదియే. ఇది గన్నవరపు చేరువనుండి సాగి కొల్లేటిలో కలియును. తమ్మిలేరును అచ్చటికే చేరును. అట్లు చేరిన నీరు ఉప్పుటేరు ద్వారమున సముద్రమునకు పోవును. గన్నవరపు పొలములపై కురిసిన వాన కొల్లేటి పక్షులకు విందగుచున్నదన్నమాట.

కొల్లేరు లోతైన సరస్సు కాదు. ఆ లోతులేమియే పక్షులకు వరము. గూడబాతు తన ముక్కు క్రింది సంచిని వలవలె విప్పి, చేపను నీటితోసహా తోడి, నీటిని జార్చివేసి చేపను మ్రింగును. ఎర్రకాళ్ల కొంగ ముక్కును తెరచి నీటిలో ముంచి మెల్లగా నడచును. ముక్కునకు చేప తగిలినంతనే చటుక్కున మూయును. నత్తగుల్ల కొంగ ముక్కు నడుమ సందు కలదు. నత్తలను పట్టి తినుటకు ఆ ముక్కు అనువైనది. నీటికాకి మునిగి వేటాడును. ఇట్లు ఒక్కొక్క పక్షికి ఒక్కొక్క లోతు. నీరు మితిమీరినచో కాళ్లపై నడచి మేయు కొంగలకు తావుండదు. ఎండిపోయినచో ఈదు పక్షులకు తావుండదు. అందుచేతనే చూడబోవువాడు “ఎక్కడ” అని అడుగుటకు ముందు “ఎప్పుడు” అని అడుగవలెను. వానలు వెనుకబడిన పిమ్మట నవంబరునుండి ఫిబ్రవరివరకు తగిన కాలము.

“ఇవన్నియు సైబీరియానుండి వచ్చినవేకదా, తాతయ్యా?” అని బాలిక అడిగినది.

ఈ మాట డెల్టాలో పలువురి నోట వినబడును. కాని ఇది పూర్తిగా నిజము కాదు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు మన దేశపు పక్షులే. నీటికై, ఆహారమునకై అవి దేశములోనే చోటు మార్చుకొనుచుండును. నిజముగా ఉత్తరపు మంచునేలలనుండి వేల మైళ్లు ఎగిరి వచ్చునవి పరజలు, ఉల్లంకులు మొదలగువానిలోని కొన్ని జాతులు. ఉల్లంకిపిట్ట పిడికిటిలో ఇమిడిపోవునంత చిన్నది. పేరులేని ఆ చిన్నపిట్టకే దూరయాత్ర చేసిన కీర్తి చెందవలెను.

ఆ చిన్నపిట్టలను చూచుటకు సముద్రతీరమునకు పోవలెను. అచ్చట గడియారముకంటె ఆటుపోటులు ముఖ్యము. ఆటు సమయమున బురదనేల విశాలముగా బయటపడగా పిట్టలు దూరదూరముగా చెదరి పురుగులను, చిన్న గుల్లలను ఏరుకొనుచుండును, దుర్భిణికైనను అందవు. పోటు వచ్చుకొలది నీరు వానిని గట్టువైపునకు నెట్టుకొని వచ్చును. అప్పుడు కదలక కూర్చున్నవారికి అవి చేరువగా కనబడును. పోటువేళ దినదినమునకు సుమారు ఏబది నిమిషములు ఆలస్యమగును. అమావాస్యకును పౌర్ణమికిని పోటు అధికము. కావున ఇంటిలోని పంచాంగము పక్షిప్రేమికునికిని పనికివచ్చు గ్రంథమే. నిక్కమైన వేళను తీరమునందలి బెస్తవారు చెప్పగలరు; వారిని అడిగి తెలిసికొనుట ఉత్తమము.

“ఎప్పుడును ఉండుననుకొన్నవారు కొందరుండిరంటివి. వారెవరు?” అని మనుమరాలు మరల అడిగినది.

కేరళమునకు చెందిన పక్షిశాస్త్రజ్ఞుడు కె. కె. నీలకంఠన్ పశ్చిమగోదావరి ప్రాంతమున ఆరేడు అను గ్రామమువద్ద గూడబాతుల గూళ్లను పరిశీలించి, 1949లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికలో వ్యాసము ప్రకటించెను. ఆ గూళ్ల స్థావరము తరువాతి దశాబ్దములలో శూన్యమైపోయెను. కొల్లేటి గర్భమున చేపల చెరువులు వెలసినవి. వానివలన పలువురకు జీవనము కలిగినమాట నిజమే. కాని గట్లు లేచినకొలది నీటి దారులు మూసికొనిపోయినవి. 1999లో సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర కొల్లేరు అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2002లో రామ్‌సార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల నీటినేలలలో దానికి స్థానము లభించెను. 2006లో ప్రభుత్వము అభయారణ్యములోని పెక్కు చెరువుగట్లను తెగగొట్టించెను. బ్రతుకుతెరువునకును సరస్సునకును నడుమ గల ఆ తగవు పూర్తిగా సమసిపోలేదు.

అయినను గూడబాతులు మరల వచ్చినవి. కైకలూరు చేరువనున్న ఆటపాకలో అటవీశాఖవారు నీటినడుమ ఇనుప మంచెలు నిలుపగా, వానిపై అవి గూళ్లు కట్టి పిల్లలను పెంచుచున్నవి. పిల్లలు తల్లి నోటి సంచిలో తల దూర్చి ఆహారమును అందుకొను దృశ్యము ఒకసారి చూచినవారు మరువరు.

“అట్లయిన పడవవానిని అడిగి గూటి దాపునకు పోవుదము. మంచి ఛాయాచిత్రము తీసికొనవచ్చును” అని బాలిక ఉత్సాహముతో పలికినది.

తాత తల అడ్డముగా ఊపెను. “మనము దాపునకు పోయినచో తల్లిపక్షి బెదరి లేచును. అది లేచినంతనే కాకి గ్రుడ్డును తన్నుకొనిపోవును. కాకి రాకున్నను, రెక్కల నీడ తొలగినచో పసికూన ఎండకు తాళలేదు. మన చిత్రమునకు అది చెల్లించు వెల అంత పెద్దది.”

బాలిక కొంతసేపు మౌనము వహించినది. పిమ్మట తన పట్టికను తానే కొట్టివేసి మరియొకటి వ్రాసినది.

ఆ కొత్త పట్టికలో మొదటి దినము ఎచ్చటికిని పోనక్కరలేదు. గన్నవరపు కాలువగట్లమీదను, కోతలైన వరిమళ్లలోను లకుముకిపిట్టను, పాలపిట్టను, తెల్లకొంగను చూచి, దుర్భిణి పట్టుటయు, గుర్తులు వ్రాయుటయు నేర్చుకొనుట. రెండవ దినము తెలతెలవారుచుండగా బస్సులో గుడివాడకు పోయి, అచ్చటనుండి కైకలూరు. ఆటపాక గట్టుమీద సూర్యుని వీపునకు పెట్టుకొని నిలుచుట. మూడవ దినము మచిలీపట్నము. పోటువేళకు రెండు గంటలు ముందుగా మంగినపూడి తీరము చేరుట. కాకి స్నానమాడి హంసగా మారెనని స్థలపురాణము చెప్పు హంసలదీవి, దాని చేరువనున్న మడ అడవులు మరియొక సెలవునకు మిగిలినవి. తీసికొనిపోవలసిన వస్తువులు: మట్టిరంగు బట్టలు, మంచినీరు, దుర్భిణి, పెన్సిలు, నోటుపుస్తకము. విడువవలసినవి: కేకలు, పాటల పెట్టె, గట్టున పారవేయు కాగితములు, సంచులు.

పట్టిక చివర ఆమె మరియొక వాక్యము చేర్చినది: “ఏ పక్షి, ఎన్ని, ఏ దినమున అని తప్పక వ్రాయవలెను.” అది చిన్న పని కాదు. 1987నుండి ఆసియాఖండమున ప్రతి జనవరిలో నీటిపక్షుల గణన జరుగుచున్నది. సామాన్యులైన పక్షిప్రేమికులు గట్లపై నిలిచి లెక్కించిన అంకెలే శాస్త్రజ్ఞులకు ఆధారమగుచున్నవి. ఒక చెరువున పక్షులు తగ్గినవని చెప్పవలెనన్నను, వెనుక ఎన్ని యుండెనో ఎవరో ఒకరు వ్రాసి యుంచవలెనుగదా!

డెల్టాలోని ప్రతి ఊరిలో చెరువో, కాలువో, మడుగో కలదు. అందు నీరు నిర్మలముగా నిలిచి, గట్టున నాలుగు చెట్లు మిగిలి, రాయి విసరు చేయి లేకున్నచో చాలును. విహంగములు తామే విడిది చేయును. ఆ విడిదిని కాపాడుటకు పెద్ద పదవులు అక్కరలేదు. ఎనిమిదవ తరగతి బాలబాలికలును ఆ పని చేయగలరు.