కాగితముమీది దూరము, దారిమీది దూరము

పటాన్‌చెరు నుండి సంగారెడ్డి వరకు 65వ నెంబరు జాతీయ రహదారి ప్రక్కను కొంతసేపు నిలిచి చూచినయెడల, పచ్చని నెంబరు పలకలతో చప్పుడు లేక సాగిపోవు విద్యుత్ కార్లు అనేకము మీకు కనబడును. కర్మాగారముల షిఫ్టు ఉద్యోగులను చేరవేయునవి కొన్ని, విమానాశ్రయమునకు పోవునవి కొన్ని. మన సంఘముల యౌవనస్థులు కొందరు వాయిదాల పద్ధతిమీద ఇట్టి కార్లు కొని, ప్రార్థన చేయుమని మందిరావరణమునకు తెచ్చుచున్నారు.

అట్టి సహోదరుడొకడు నన్ను అడిగిన ప్రశ్నయే ఈ వ్యాసమునకు కారణము. "అయ్యగారూ, ఒక్క ఛార్జికి మూడు వందల కిలోమీటర్లు పోతదని కాగితంల రాసిండ్రు. పొద్దుగాల బండి ఎక్కితే తెరమీద రెండు వందల నలభై చూపెడతది. దారిమీద రెండు వందల పది దాటుతలేదు. మూడింట్ల ఏది అబద్ధం?" సంగారెడ్డి నుండి శంషాబాదు విమానాశ్రయమునకు ఒకే ఛార్జితో రోజుకు రెండుమారులు పోయి రావచ్చునని లెక్కవేసి అతడు అప్పు తీసికొనెను. తీరా చూడగా ఒకమారే అగుచున్నది. వాయిదా నెలనెలా వచ్చును గాని, కాగితముమీది కిలోమీటర్లు రావు. గనుక ఇది వినోదమునకు అడిగిన ప్రశ్న కాదు. ఇంటి బియ్యమునకును బిడ్డల ఫీజునకును సంబంధించిన ప్రశ్న.

మొదట కాగితము సంగతి చూతము. మన దేశములో ఆ అంకె ఎం.ఐ.డి.సి. అను పరీక్షవలన వచ్చుచున్నది. పూణెలోని ఏ.ఆర్.ఏ.ఐ. వంటి సంస్థలలో ఈ పరీక్ష జరుగును. అందు కారు దారిమీదికి పోదు. గదిలోనే నిలిచియుండగా, దాని చక్రములు రోలర్లమీద తిరుగును. ఎప్పుడు ఎంత వేగముతో పోవలెనో, ఎప్పుడు ఆగవలెనో తెలుపు 1180 సెకండ్ల పట్టిక యొకటి కలదు. దాని ప్రకారము సగటు వేగము గంటకు సుమారు 32 కిలోమీటర్లు. ఎక్కడను 90 దాటదు. ఏసీ ఆపియుంచబడును. గతుకులు లేవు, ఎదురుగాలి లేదు, వెనుక సీటులో ముగ్గురు మనుష్యులును వారి పెట్టెలును లేవు. ఈ పట్టికకు మూలము ఐరోపా ఖండపు పాత పట్టిక. ఐరోపావారు 2017 మొదలుకొని దానిని విడిచి, గంటకు 131 కిలోమీటర్ల వేగము వరకు పోవు 1800 సెకండ్ల క్రొత్త పరీక్షను అవలంబించిరి. అమెరికాలోనైతే, పరీక్షలో వచ్చిన దూరమును సాధారణముగా 0.7 తో గుణించి, తగ్గిన అంకెనే కొనువానికి చూపుదురు.

ఇక మన దారి సంగతి. ముత్తంగి దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కినయెడల, 2023 నుండి అక్కడ కార్లకు గంటకు 120 కిలోమీటర్ల వరకు అనుమతి కలదు. 90 నుండి 120కి వేగము మూడవ వంతు మాత్రమే పెరిగినను, గాలి అడ్డగించు బలము ఇంచుమించు ఒకటిముప్పావు రెట్లగును; ఏలయనగా అది వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును. ఊరిలో బ్రేకు వేసినప్పుడెల్ల కారు కొంత శక్తిని తిరిగి బ్యాటరీలోనికి తెచ్చుకొనును. పెద్ద రోడ్డుమీద బ్రేకు వేయుటయే అరుదు గనుక ఆ లాభము లేదు. కాబట్టి పెట్రోలు కారు ఊరిలో ఎక్కువ త్రాగి రహదారిమీద తక్కువ త్రాగగా, విద్యుత్ కారు అందుకు విరోధముగా నడచుకొనును. ఏసీ మాట వేరు. అది కిలోమీటర్లను లెక్కింపదు, గంటలను లెక్కించును. మే నెల ఎండలో రామచంద్రాపురము దగ్గర వాహనముల మధ్య అరగంట నిలిచిపోయితిరా, దూరము ఏమియు సాగకయే శక్తి ఖర్చగును.

బ్యాటరీలో మన కరెంటు బిల్లు లెక్కన 30 యూనిట్లు ఉన్నవనుకొందము. గదిలో యూనిటుకు 10 కిలోమీటర్లు వచ్చిన, మొత్తము 300. దారిమీద యూనిటుకు 7 వచ్చిన, 210. బ్యాటరీ అదే, కారు అదే. నడచిన స్థలము వేరు.

మూడవది తెరమీది అంకె. పెట్రోలు ట్యాంకులో తేలు బెండు నూనె మట్టమును చూపును. బ్యాటరీలో అట్టి మట్టము లేదు. దాని వోల్టేజిని, వచ్చిపోవు కరెంటును లెక్కించి, ఎంత మిగిలినదో యంత్రము ఊహించును. ఆ మిగిలిన దానిని, ఇటీవల కిలోమీటరునకు ఎంత ఖర్చయినదో దానితో భాగించి దూరమును చెప్పును. నిన్న ఊరిలో మెల్లగా తిరిగితిరా, ఈ ఉదయము అది 240 అనును. రింగ్ రోడ్డు ఎక్కగానే ఆ అంకె కరగిపోవును. అది అబద్ధమాడుట లేదు. నిన్నటి జ్ఞాపకమును రేపటి మాటగా చెప్పుచున్నది, అంతే.

ఈ సంగతులు ఆ సహోదరునికి చెప్పి, తెరమీది కిలోమీటర్లకంటె మిగిలిన శాతమును చూచుకొనుమనియు, యూనిటుకు 7 చొప్పున లెక్క కట్టుకొనుమనియు, అయిదవ వంతు ఎప్పుడును మిగుల్చుకొనుమనియు, వేగము 90 లోపల ఉంచుమనియు, టైర్లలో గాలి సరిచూచుకొనుమనియు చెప్పితిని. ఇప్పుడతడు మధ్యాహ్నము వేచియుండు వేళలో ఛార్జి పెట్టుకొని రెండవ ప్రయాణము చేయుచున్నాడు. బయటి ఛార్జికి ఇంటి కరెంటుకంటె ఎక్కువ వెల ఇయ్యవలెను గనుక మిగులు తక్కువే. అయినను వాయిదా తప్పలేదు.

అయితే అతని ప్రశ్న మిగిలియున్నది: ఏది అబద్ధము? గదిలో వచ్చిన అంకె గదిని గూర్చి సత్యమే. గదిని చూపి దారియని కొనువాడు నమ్మునట్లు చేయుటలోనే దోషమున్నది. సంచిలో రెండు విధములైన తూనికరాళ్లు ఉంచుకొనుటను ధర్మశాస్త్రము నిషేధించెను. తప్పుడు త్రాసును గూర్చి సామెతల గ్రంథము హెచ్చరించెను. ఆమోసు ప్రవక్త దానిని బట్టి వర్తకులను గద్దించెను. కొనువాడు బీదవాడైనప్పుడు ఆ పాపము మరింత బరువగును. మంచి మాదిరియు కలదు. 2024లో టాటావారు 45 యూనిట్ల బ్యాటరీ గల నెక్సాన్ కారును తెచ్చినప్పుడు, పరీక్షలో 489 కిలోమీటర్లనియు, వాడుకలో 350 నుండి 370 వరకు ఆశింపవచ్చుననియు రెండు అంకెలను తెలిపిరి. రెండవ అంకె చిన్నదే గాని, ఇల్లు నడుపుకొనువానికి పనికివచ్చునది అదియే.

ప్రియ చదువరీ, మన ప్రభువు మనుష్యులను పిలిచినప్పుడు ఏ అంకె చెప్పెనో గమనించితిరా? గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కించుకొనవలెనని ఆయన బోధించెను. ఎక్కడికైనను వెంట వచ్చెదనని ఉత్సాహపడిన వానితో, తనకు ఇల్లు వాకిలి లేదని ముందుగానే తెలియజేసెను. సిలువను దాచిపెట్టి ఆయన ఎవరిని పిలువలేదు. ఆయన మనకు గదిలోని అంకెను చూపలేదు, దారిమీది అంకెనే చూపెను.

మనమైతే ఏమి చేయుచున్నాము? కూటముల గోడపత్రికలను చూడుడి. వచ్చినవాని అప్పు తీరుననియు, రోగము పోవుననియు, కష్టము తొలగుననియు పెద్ద అక్షరములతో వ్రాయుచున్నారు. బీదవాడు నమ్మి వచ్చును. సోమవారము పాశమైలారములో అదే షిఫ్టు, ఇంటిలో అదే రోగము. అప్పుడతడు ప్రకటించినవానిని విడిచి ప్రభువునే అనుమానించును. కారు విషయములో నష్టము కిలోమీటర్లది. ఇక్కడ నష్టము ఒక ఆత్మది. బాప్తిస్మమునకు సిద్ధపరచునప్పుడును, వివాహమునకు ముందు యువతీయువకులతో మాటలాడునప్పుడును, దారిమీద ఎండయు ఎత్తును బరువును ఉండునని బోధకుడు చెప్పవలెను. ఆ దారిలో తోడుండువాడు ఎవరో కూడ చెప్పవలెను. ఒకటి చెప్పి రెండవది విడిచిన సువార్త సగమే.

తెరమీది అంకెనుండియు ఒక పాఠము కలదు. ఏలీయా కర్మెలు కొండమీద గొప్ప కార్యమును చూచిన వెంటనే, బదరీవృక్షము క్రింద కూర్చుండి ఇక చాలునని మరణమును కోరెను. అతని లోపలి తెరమీద సున్న కనబడెను. దేవుడు అతనితో వాదింపలేదు. నిద్రపోనిచ్చి, రెండు మారులు ఆహారమిచ్చెను. ఆ బలముతో అతడు నలువది దినములు నడచి హోరేబునకు చేరెను. తాను ఒంటరినని అతడు తలంచెను గాని, దేవుని లెక్కలో ఇంకను ఏడువేలమంది యుండిరి. మనస్సు చెప్పు అంకె తరచుగా నిన్నటి అలసటను బట్టి చెప్పునదే. దానిని దేవుని తీర్పుగా ఎంచకుడి. నిన్నటి సౌఖ్యమును బట్టి రేపటికి సరిపోవుదునని అతిశయపడుటయు అంతే ప్రమాదము. అదనపు నూనె లేక బయలుదేరిన అయిదుగురు కన్యకల కథ మీకు తెలిసినదే.

కడపటిగా ఒక మాట. ఒకే ఆదివారము, ఒకే ఆరాధన, ఒకే బల్ల. అయినను ఒకరి బలము శనివారము వరకు నిలుచును, మరియొకరిది బుధవారమునకే తరగిపోవును. అట్టివానిని చూచి, వీని భక్తి యింతేనని తీర్పు తీర్చకుడి. వాడు రాత్రి షిఫ్టు చేయుచు, మంచము పట్టిన తల్లిని మోయుచుండవచ్చును. యూనిట్లు అవే, ఎత్తు వేరు. వానిని ప్రశ్నించుటకంటె వాని బరువులో ఒక మూటను మీరు ఎత్తుకొనుట మేలు.

సత్యమైన తూనికను ప్రేమించు మన దేవుడు, మన నాలుకలకు యథార్థతను, మన ప్రయాణమునకు చాలిన దినదిన బలమును దయచేయునుగాక. ఆమేన్.