51 మ్యాచ్‌ల తర్వాత ఒక ఓటమి

53 మ్యాచ్‌లు. 43 గెలుపులు, 9 డ్రాలు, ఒకే ఒక్క ఓటమి. జర్మనీ ఫుట్‌బాల్ క్లబ్ బేయర్ లెవర్‌కూజెన్ 2023-24 సీజన్ లెక్క ఇది. అంత గొప్ప సీజన్‌లో నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం ఆ ఒక్క ఓటమీ, దాని తర్వాతి మూడు రోజులూ.

ఈ క్లబ్ గురించి తెలియనివాళ్లకి రెండు మాటలు. మనకి మందుల పేర్లలో వినిపించే బేయర్ కంపెనీ ఉద్యోగుల కోసం 1904లో మొదలైన క్లబ్ ఇది. 2002లో పాపం, పన్నెండు రోజుల్లో మూడు ట్రోఫీలు పోగొట్టుకుంది. లీగ్‌లో ఒక్క పాయింట్ తేడాతో రెండో స్థానం, జర్మన్ కప్ ఫైనల్లో ఓటమి, ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో రియల్ మాడ్రిడ్ చేతిలో ఓటమి. అప్పటినుంచి జనం ‘విజెకూజెన్’ అని ఏడిపించేవాళ్లు. ఎప్పుడూ రెండో స్థానమే అని వెటకారం.

2022 అక్టోబర్‌లో షాబి అలోన్సో కోచ్‌గా వచ్చేసరికి 18 జట్ల లీగ్‌లో వీళ్లది 17వ స్థానం. ఏడాదిన్నర తిరిగేసరికి, 2024 ఏప్రిల్ 14న బ్రెమెన్ మీద 5-0తో గెలిచి, ఇంకా ఐదు మ్యాచ్‌లు మిగిలుండగానే తొలిసారి లీగ్ కొట్టేశారు. వరసగా 11 సార్లు గెలిచిన బేయర్న్ మ్యూనిక్‌కి బ్రేక్ పడింది. మొత్తం 34 లీగ్ మ్యాచ్‌లలో ఒక్కటీ ఓడలేదు. బుండెస్‌లిగాలో ఇంతకుముందు ఎవరూ చేయని పని అది.

అసలు మజా యూరోపా లీగ్ రాత్రుల్లో ఉండేది. మార్చి 14న కరాబాగ్ జట్టు మీద 0-2తో వెనకబడ్డారు. అయిపోయిందనుకున్నా. 93వ నిమిషంలో పాట్రిక్ షిక్ గోల్, 97వ నిమిషంలో మళ్లీ షిక్ గోల్! 3-2. సెమీస్‌లో రోమా మీద ఇంకా విచిత్రం. తొలి మ్యాచ్‌లో 2-0తో గెలిచారు కాబట్టి, రెండోది 1-2తో ఓడినా ఫైనల్‌కి వెళ్లిపోతారు. అయినా వదల్లేదు. 97వ నిమిషంలో స్టానిషిచ్ గోల్ కొట్టి 2-2 చేశాడు. దాంతో ఓటమి లేకుండా 49 మ్యాచ్‌లు. 1960లలో బెన్ఫికా పెట్టిన 48 మ్యాచ్‌ల రికార్డు పోయింది.

దీన్ని లక్ అన్నవాళ్లు చాలామందే ఉన్నారు. నాకైతే అలా అనిపించదు. 90వ నిమిషంలో కూడా వీళ్లు కంగారుగా బంతిని పైకి తన్నేయరు. పదో నిమిషంలో ఆడినట్టే చిన్న చిన్న పాస్‌లు. అప్పటిదాకా బంతి వెనక పరుగెత్తిన ఎదుటి జట్టుకి కాళ్లు లాగేస్తుంటాయి. అక్కడ సందు దొరుకుతుంది.

ఈ మ్యాచ్‌లన్నీ నేను హైదరాబాద్‌లో, మా తమ్ముడు విజయవాడ హాస్టల్లో, ఫోన్‌లో మాట్లాడుకుంటూ చూసేవాళ్లం. వాడిది అప్పుడు బీటెక్ ఫైనలియర్. ఆ ఏడాది క్యాంపస్‌కి వచ్చిన కంపెనీలే తక్కువ. వాడు ఆన్‌లైన్ టెస్టులన్నీ దాటి, గ్రూప్ డిస్కషన్ దాటి, ఒకచోట ఆఖరి ఇంటర్వ్యూలో ఆగిపోయాడు. ఆ తర్వాత ఇంకోచోట కూడా అంతే. ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేవాడు కాదు. నాతో ఫుట్‌బాల్ మాత్రం మాట్లాడేవాడు.

మే 22న డబ్లిన్‌లో ఫైనల్. మనకి రాత్రి 12:30కి మొదలైంది. అటలాంటా ఆటగాళ్లు ఒక్కొక్కరినీ పట్టుకుని ఊపిరాడనివ్వలేదు. లుక్‌మన్ 12వ నిమిషంలో, 26లో, 75లో గోల్స్. 0-3. ఈసారి ఆఖరి నిమిషం అద్భుతం రాలేదు.

కాసేపటికి తమ్ముడు అన్నాడు, “అన్నా, 51 మ్యాచ్‌లు ఓడకుండా వచ్చి ఏం లాభం రా? గుర్తుండేది ఇదే కదా.”

వాడు అడిగింది మ్యాచ్ గురించి కాదని తెలుస్తూనే ఉంది. పైగా ఆ మాట మనకి కొత్తేం కాదు. 2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో, పది మ్యాచ్‌లు వరసగా గెలిచి ఫైనల్ ఓడిన రాత్రి మనందరం అదే అనుకున్నాం.

“వాళ్లకి శనివారం ఇంకో ఫైనల్ ఉందిరా” అన్నా. అంతకన్నా ఏం చెప్పాలో తోచలేదు.

మర్నాడు ఇంకో సంగతి పంపాను వాడికి. మనల్ని ఏడిపించిన ఈ అటలాంటా కూడా సరిగ్గా వారం ముందు, మే 15న ఇటలీ కప్ ఫైనల్లో యువెంటస్ చేతిలో 0-1తో ఓడింది. 1963 తర్వాత ఒక్క పెద్ద ట్రోఫీ లేని క్లబ్ అది. వారం తిరిగేసరికి యూరప్ కప్పు ఎత్తింది. వాడు బొటనవేలి ఎమోజీ ఒకటి పెట్టి ఊరుకున్నాడు.

మే 25న బెర్లిన్‌లో జర్మన్ కప్ ఫైనల్. ఎదురుగా రెండో డివిజన్ జట్టు కైజర్స్‌లౌటర్న్. ఓడితే పరువు పోతుంది, గెలిస్తే గొప్పేం కాదు. మొదటి సగంలో జాకా దూరం నుంచి కొట్టిన షాట్ గోల్. హాఫ్‌టైమ్‌కి కాస్త ముందు లెవర్‌కూజెన్ ఆటగాడికి రెడ్ కార్డ్. మిగతా సగమంతా పది మందితోనే లాక్కొచ్చారు. 1-0. అందంగా ఏం లేదు ఆ మ్యాచ్. ఆఖర్లో గోల్ కోసం దూకే ఆ జట్టు, ఆ రోజు ఉన్న ఒక్క గోల్‌నీ కాపాడుకుంటూ కూర్చుంది. క్లబ్ చరిత్రలో తొలిసారి ఒకే సీజన్‌లో లీగూ, కప్పూ వచ్చాయి.

ఓడకుండా ఉండటం వాళ్ల చేతుల్లో 51 మ్యాచ్‌ల వరకే ఉంది. 53వ మ్యాచ్‌కి బూట్లు వేసుకుని దిగడం మాత్రం పూర్తిగా వాళ్ల చేతుల్లోనే ఉంది. నాకు ఆ సీజన్‌లో అన్నిటికన్నా పెద్ద విషయం అదే అనిపిస్తుంది.

మా వాడికి క్యాంపస్‌లో ఉద్యోగం రాలేదు. నాలుగు నెలలు తిరిగాక ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్‌లో చేరాడు. మొదటి జీతంతో నాకు లెవర్‌కూజెన్ జెర్సీ కొంటానన్నాడు. డూప్లికేట్‌దైనా పర్లేదన్నా.