తుర్రం ఖాన్ చిరునామా

ఆటకు పెట్టిన నియమం ఒకటే: జవాబుల కోసం ఫోన్‌లో వెతకొద్దు. మనుషుల్ని మాత్రం ఎంతమందినైనా అడగొచ్చు. ఆబిడ్స్‌లో మొదలుపెట్టి, మొజంజాహీ మార్కెట్ మీదుగా సుల్తాన్ బజార్ దాకా నిధి వేట. ఆదివారం పొద్దున, ఆరుగురు, రెండు జట్లు. పొడుపులు రాసింది నేనే కాబట్టి నాకు ఆడే హక్కు లేదు. మా చెల్లి ఉన్న జట్టు వెనకాల నడిచాను.

మొదటి చీటీ: “యజమాని బట్టలు చూసుకున్నవాణ్ని. నా కొట్టు పోయింది, పేరు పోలేదు. బస్సెక్కి నా పేరు చెప్పి టికెట్ అడుగుతారు.” ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుని కూర్చున్న పెద్దాయన వెంటనే చెప్పేశాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర దుస్తుల వ్యవహారం చూసుకున్న ఆల్బర్ట్ ఆబిడ్ ఇక్కడ కొట్టు పెట్టాడు. ఆ కొట్టు పేరే జాగాకి పేరైంది. ఆరో నిజాం పేరేంటంటే తడుముకుంటాం గానీ, ఆయన కొలువులో పనిచేసిన మనిషి పేరు రోజూ పలుకుతాం.

రెండోది తేలిక. “అంగళ్ల పైన ఉంటాను, ఏమీ అమ్మను. నన్ను చూసి బేరం ముగిస్తారు.” మొజంజాహీ మార్కెట్ గడియారం. 1935లో కట్టిన రాతి మార్కెట్. ఏడో నిజాం రెండో కొడుకు మొజం జా పేరు పెట్టారు. మా జట్టు అక్కడ ఐస్‌క్రీమ్ దగ్గరే ఇరవై నిమిషాలు పోగొట్టింది.

మూడో చీటీ: “ఎవడన్నా గొప్పలకు పోతే నన్ను గుర్తుచేస్తారు. నేను దేనిమీద దాడి చేశాను?”

“తుర్రం ఖాన్!” అని అరిచింది చెల్లి. అంతలోనే ఆగిపోయింది. “ఆయన నిజంగా ఉన్నడా అక్కా?”

ఉన్నాడు. మా నానమ్మ “నువ్వేమన్న పెద్ద తుర్రం ఖాన్‌వా?” అని తిట్టినప్పుడల్లా ఆయన మా ఇంటికి వచ్చిపోయినట్టే. ఆ మాట తుర్రేబాజ్ ఖాన్ నుంచే వచ్చిందంటారు. 1857 జులై 17న మౌల్వీ అల్లావుద్దీన్‌తో కలిసి కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేశాడు. పట్టుబడ్డాడు, తప్పించుకున్నాడు. 1859లో తూప్రాన్ దగ్గర చంపేశారు. శవాన్ని తెచ్చి నగరంలో వేలాడదీశారు. కోఠి అంటే బంగ్లా. ఆ రెసిడెన్సీ భవనం వల్లే ఈ ప్రాంతానికి ఆ పేరు. తర్వాత అదే మహిళా కళాశాల అయింది. ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం.

నాలుగో చీటీ: “చుట్టూ అంగళ్లే, నా దగ్గర ఏదీ అమ్మకానికి లేదు. 1901లో పుట్టాను. నిజాం రాజ్యం నడిబొడ్డున, నిజాం మాట చెల్లని చోట.” సుల్తాన్ బజార్‌లో గాజులమ్మే ఆమెని అడిగారు. “గది లైబ్రరీ గదా! మా పిల్లగాడు పరీక్షలకు గక్కడ్నే చదివిండు,” అని చెయ్యి చూపించింది. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. కొమర్రాజు లక్ష్మణరావు వంటివాళ్లు పూనుకుంటే, రావిచెట్టు రంగారావు ఇంట్లో మొదలైంది. అప్పుడిది రెసిడెన్సీ బజార్, బ్రిటిష్ రెసిడెంట్ అధికారం కింద ఉండేది. నిజాం ఆంక్షలు ఇక్కడ చెల్లేవి కావు.

చెల్లి అక్కడే మెట్టు మీద కూర్చుంది. “ఒక్క నిమిషం అక్కా. తుర్రేబాజ్ ఖాన్ ఆ రెసిడెన్సీ మీదికి పొయ్యి ప్రాణం పోగొట్టుకున్నడు. నలభై నాలుగేళ్లకు మనోళ్లు అదే రెసిడెన్సీ నీడల తెలుగు లైబ్రరీ పెట్టుకున్నరు. మరి ఆ కోఠి మనకు శత్రువా, ఆసరానా?”

నా జవాబుల కాగితంలో ఒక్కో పొడుపుకి ఒక్కో గీతే ఉంది. పొడుపు అంటే అంతే: విప్పితే ఒకటే రావాలి. ఈ బజార్లో మాత్రం ఒకరికి నీడైన గోడే ఇంకొకరు బద్దలు కొట్టబోయిన గోడ. ఇద్దరి పేర్లూ తలుచుకునేది మనమే. ఈ ఊళ్లో నేను చదివిన తెలుగు పుస్తకాలకి దారి వేసినవాళ్లని కాదనలేను. నగరంలో వేలాడిన మనిషినీ పక్కకు పెట్టలేను.

మా జట్టులో పాతబస్తీ స్నేహితుడొకడున్నాడు. తెలుగు మాట్లాడతాడు, చదవడం రాదు. చీటీలు చెల్లి చదివిపెడితే దారి అతను చూపించాడు. అప్పటిదాకా ఊరుకున్నవాడు మెల్లగా అన్నాడు: “మీకు తుర్రం ఖాన్ అంటే తిట్టు. మా నానీ నన్ను ముద్దుచేస్తూ అట్లా పిలిచేది.”

ఆ మాటకి ఇంకో అర్థం ఉంటుందని నాకు ఎప్పుడూ తట్టలేదు. ఒకే ఊరు, ఒకే పేరు, మా నానమ్మ నోట్లో వెటకారం, వాళ్ల నానీ నోట్లో మురిపెం. ఈ సంగతి ఏ ఫలకం మీదా ఉండదు. పక్కన నడుస్తున్న మనిషి చెబితేనే తెలుస్తుంది.

నిధి అవతలి జట్టుకి దక్కింది: ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద నేను ముందే కొనిపెట్టిన రెండు పాత పుస్తకాలు. గెలిచినవాళ్లు ఇరానీ హోటల్లో కూర్చుని, ఎక్కడ చచ్చారని ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. మేం ఇంకా మెట్ల మీదే ఉన్నాం. నానీ ఇంకేమేం పేర్లతో పిలిచేదో చెల్లి అడుగుతోంది. అతను ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకుని చెబుతున్నాడు.