కెర్నెలంటే పలుకు

మన బడికి వచ్చే పిల్లలు పన్నెండు, పదమూడేళ్ళు రాగానే ఒక్కొక్కరే మానేస్తున్నారు. ఎందుకని అడిగితే, "అమ్మమ్మతో మాట్లాడేంత తెలుగు వచ్చేసింది కదా" అంటారు. వాళ్ళని తప్పుపట్టలేం. మనలో చాలామందిమి కంప్యూటరు ఉద్యోగాలే చేస్తున్నాం. కానీ ఆ పని గురించి మాట రాగానే ఇంగ్లీషులోకి వెళ్ళిపోతాం. తెలుగు వంటింటికీ, పండగలకీ మిగిలిపోతోంది.

అందుకని పోయిన చలికాలం, క్లాసులయ్యాక నాలుగు శనివారాలు, పెద్ద పిల్లలతో కలిసి మేము ఒక పని పెట్టుకున్నాం. బడి గుమ్మంలో "ఈ వారం మాట" చూపించే తెర ఒకటి పెట్టాలి. దాన్ని నడిపే చిన్న కంప్యూటరుకి లినక్స్ కెర్నెలు మనమే తయారుచెయ్యాలి. షరతు ఒక్కటే: వస్తువుల పేర్లు ఇంగ్లీషువైనా ఫరవాలేదు, వివరించడం మాత్రం తెలుగులోనే.

మేము తీసుకున్నది 2020లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై కంప్యూట్ మాడ్యూల్ 4. పొడవు 55 మిల్లీమీటర్లు, వెడల్పు 40. తెర తగిలించాలంటే దీన్ని ఇంకో బోర్డు మీద బిగించాలి. కెర్నెలు అంటే ఆ పరికరాలకీ మనం వాడే ప్రోగ్రాములకీ మధ్యవర్తి. ఫిన్లండులో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి 1991లో మొదలుపెట్టిన లినక్సుని ఇప్పుడు ఎన్నో దేశాలవాళ్ళు కలిసి రాస్తున్నారు. దాని మూలం ఎవరైనా తెచ్చుకుని మార్చుకోవచ్చు.

మొదటి వారం ఎంపికలు. కెర్నెల్లో చాలా అంశాలకి మూడు జవాబులుంటాయి. వై అంటే లోపలే కలిపెయ్యి, ఎమ్ అంటే విడిగా ఉంచు, ఎన్ అంటే వద్దు. ఒక అమ్మ ఇలా చెప్పింది: "ఇండియా నుంచి వచ్చేటప్పుడు పాస్‌పోర్టు చేతిసంచిలో, ఆవకాయ పెద్ద పెట్టెలో, రుబ్బురోలు ఊళ్ళోనే!" పిల్లలకి ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది.

రెండో వారం కంపైలు చెయ్యడం. ఆ బుల్లి కంప్యూటరు మీదే చేస్తే చాలాసేపు పడుతుంది. అందుకని పెద్ద డెస్క్‌టాపు మీద చేశాం. దాని ప్రాసెసరు ఒక జాతి, మాడ్యూలుది ఆర్మ్ జాతి. "మనింట్లో వండి క్యారియరు పంపినట్టా ఆంటీ?" అంది ఏడో గ్రేడు పిల్ల. "అంతేనమ్మా, కాకపోతే తినేవాళ్ళకి అరిగేలా వండాలి" అన్నాం.

మూడో వారం ఎక్కించడం. బోర్డు మీద జంపరు పెట్టి, యూఎస్‌బీ తీగతో కలిపి, ఆర్‌పిఐబూట్ అనే ప్రోగ్రాము నడిపితే మాడ్యూలులోని మెమరీ పెన్‌డ్రైవులా కనిపిస్తుంది. అందులో కెర్నెలు, దాని మాడ్యూళ్ళు, బోర్డు మీద ఏ పరికరం ఎక్కడుందో చెప్పే డివైస్ ట్రీ ఫైళ్ళు పెట్టాం. కెర్నెలూ మాడ్యూళ్ళూ ఒకే తయారీవి కాకపోతే వైఫై లాంటివి పనిచెయ్యవు. పాత కెర్నెలుని చెరపలేదు. కొత్తదానికి వేరే పేరు పెట్టి, ఏది లేవాలో కాన్ఫిగ్ ఫైల్లో రాశాం. కొత్తది మొరాయిస్తే పాతది ఉంటుంది.

నాలుగో వారం కరెంటు ఇచ్చాం. వెర్షను చూపించమంటే, చివర మేము చేర్చిన "తెలుగుబడి" అన్న పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కనబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

తెర మీద మొదటి మాట ఏం పెట్టాలన్నది పెద్ద చర్చ అయింది. కెర్నెల్‌ని తెలుగులో ఏమంటారని ఒకడు అడిగాడు. వేరుసెనక్కాయ ఒలిస్తే లోపల ఉండేది పలుకు. మనం మాట్లాడే మాటా పలుకే. మొదటి వారం మాట అదే అయింది.

బడి మానేస్తానన్న ఒక అబ్బాయి ఇప్పుడు వారం వారం ఆ తెరకి మాట ఎక్కించే బాధ్యత తీసుకున్నాడు. ఒక్కడే కావచ్చు, మాకది చిన్న విషయం కాదు. మీరు నర్సు కావచ్చు, డాక్టరు కావచ్చు, లెక్కలు చూసేవారు కావచ్చు. ఒక శనివారం వచ్చి, మీ పని ఏమిటో మన పిల్లలకి తెలుగులో చెప్పండి. కుర్చీలు వేసి ఉంచుతాం.