మా యాడి ఫోటోకు ఒక్క సెకను

ఈ గ్రూపులో రెండేళ్లుగా చదువుతానే ఉన్నా గానీ రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగైంది. తప్పులుంటే అన్నలు, అక్కలు సరిదిద్దండి.

మాది కోడుమూరు పక్కన ఒక సుగాలి తండా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. కోడుమూరులోనే హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. డిగ్రీలో చేరేదాకా మౌసు ముట్టుకోలేదు. మొదటిరోజు ల్యాబులో డబుల్ క్లిక్ చేయమంటే ఒక క్లిక్ చేసి, కాసేపు ఆగి, ఇంకో క్లిక్ చేసినా. పక్కనోళ్లు నవ్వినారు. నేనూ నవ్వినా, ఏం చేస్తాం.

మన రాష్ట్రంలో డిగ్రీ మొదటి సంవత్సరం అయినాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాల కదా. నేను మా తండానే తీసుకున్నా. విషయం సుగ్గి. మా పక్కోళ్లకు చెప్పే పనిలేదు, మిగతా జిల్లాల వాళ్ల కోసం చెప్తున్నా. ఇక్కడ వానల మీద ఆధారపడ్డ భూములు. పంట చేతికి రాకపోయినా, వచ్చింది అప్పులకే పోయినా, జనం ఇండ్లకు తాళాలేసి గుంటూరు పక్కకు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి పోతారు. దాన్నే సుగ్గికి పోవడం అంటాం. మా యాడి, మా బా ఏటా పోతారు. యాడి అంటే అమ్మ, బా అంటే నాయన.

సర్వే రాసినా, రిపోర్టు రాసినా. ఆఖరున అందరి ముందర పీపీటీ చూపించాల. మేడం 'రాత తగ్గించి ఫోటోలు పెట్టు' అన్నారు. నా దగ్గర పద్నాలుగు ఫోటోలు ఉన్నాయి. శివరాత్రి సెలవుకు తండాకు పోయినప్పుడు తాళాలేసిన వాకిళ్లు నేనే తీసినా. ఎందుకు తీసినానో అప్పుడు నాకే తెలీదు. మా జేజి ఫేటియా, కాంచళి కట్టుకుని గడపలో కూర్చున్నది ఒకటి. మిగతావి గుంటూరు పక్క చేన్లల్లో మా బావ ఫోన్లో తీసి పంపినవి.

జూనియర్లకు పనికొస్తుందని ఎట్ల చేసినానో చెప్తా. ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపిస్తే సైజు తగ్గిపోయి తెర మీద మసకమసకగా కనిపిస్తాయి. డాక్యుమెంట్‌గా పంపించుకోండి. పవర్‌పాయింట్‌లో ఇన్సర్ట్‌లోకి పోతే ఫోటో ఆల్బమ్ అని ఉంటుంది. అందులో ఫోటోలన్నీ ఒకేసారి ఎంచుకుంటే ఒక్కో స్లయిడుకు ఒక్కో ఫోటో దానంతటదే కూర్చుంటుంది. నాకు ఇది తెలీక మొదట్లో ఒక్కొక్కటి తెచ్చి అతికించుకుంటా సగం రాత్రి గడిపినా. ల్యాప్‌టాప్ నాది కాదు, మా హాస్టల్ సీనియర్ అన్నది. ఆయన పడుకున్నాక నాకిచ్చేవాడు.

ఆల్బమ్ అయినాక ట్రాన్సిషన్స్ తెరిచినా. ఒక స్లయిడు పోయి ఇంకోటి వచ్చేటప్పుడు ఎట్ల రావాలో అక్కడ పెట్టుకోవచ్చు. నాకు జాతరకు పోయినట్లయింది. ఒకదానికి తెరలు తీసినట్లు, ఒకదానికి కాగితం పక్షై ఎగిరిపోయినట్లు, ఒకదానికి సుడిగాలి. ఫోటోల మీద మళ్లీ యానిమేషన్లు: గిరగిర తిరిగేది, బంతిలాగా ఎగిరేది. పొద్దున అన్నకు చూపిస్తే, 'ఏందప్పా ఇది, పెండ్లి వీడియోనా?' అన్నాడు. నాకు మాత్రం బాగా చేసినాననే అనిపించింది.

ముందురోజు మేడం దగ్గర ఒకసారి వేసి చూపించినా. అంతా చూసి ఆమె ఒకటే అడిగినారు: 'ఆ తొమ్మిదో ఫోటో ఎందుకంత తొందరగా పోయింది? ఎవరామె?'

'టైమింగ్ తప్పు పడింది మేడం' అన్నా.

అది అబద్ధం. ఇది చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

ట్రాన్సిషన్స్‌లో ఆఫ్టర్ అని ఒక చిన్న గడి ఉంటుంది. స్లయిడు ఎన్ని సెకన్లు నిలబడాలో అందులో వేయాల. అన్నింటికీ ఐదు వేసినా. తొమ్మిదోదానికి ఒకటి వేసినా. పైన సుడిగాలి పెట్టినా. వచ్చిందో లేదో తెలిసేలోగా ముక్కలై పోతుంది. ఆ ఫోటోలో ఉండేది మా యాడి. మిరప చేన్లో వంగి ఉంటుంది. ఘాటుకు ముక్కూ నోరూ గుడ్డతో కట్టుకుని ఉంటుంది, కండ్లే కనపడతాయి. వెనకాల పరదా పట్టతో వేసిన గుడారం, మూడు రాళ్ల పొయ్యి, ఆరేసిన గుడ్డలు.

తీసెయ్యబుద్ధి కాలేదు. నిలబెట్టబుద్ధీ కాలేదు. ఇంటర్లో ఫారాలు నింపేటప్పుడు తల్లిదండ్రుల వృత్తి దగ్గర ఎప్పుడూ వ్యవసాయం అనే రాసినా. కూలి అని ఒక్కసారీ రాయలేదు. ఫ్రెండ్స్ అడిగితే మావాళ్లు గుంటూరులో ఉంటారని చెప్పేవాడిని. ఏదో ఉద్యోగం అనుకునేవాళ్లు. అనుకోనిచ్చినా. ఆ ఒకటి అనే అంకె కూడా అట్లాంటిదే. సుగ్గి మీద ప్రాజెక్టు చేసినోడిని, సుగ్గికి పోయిన మా యాడిని ఒక్క సెకనులో దాటించినా.

ఆ రాత్రి ల్యాప్‌టాప్ మళ్లీ అడిగి తీసుకున్నా. మేడం చెప్పిన కెన్ బర్న్స్ గురించి ఫోన్లో చూసినా. ఈయన అమెరికాలో డాక్యుమెంటరీలు తీసే ఆయన. వాళ్ల దేశపు అంతర్యుద్ధం మీద ఆయన చేసిన పెద్ద టీవీ డాక్యుమెంటరీ 1990లో వచ్చింది. ఆ యుద్ధం కాలానికి సినిమా కెమెరాలే లేవు, ఉండేవి ఫోటోలు. ఆయన ఆ ఫోటోల మీదే కెమెరాను మెల్లగా కదిలిస్తాడు, మొఖం దగ్గరికి పోతాడు. చూసేవాళ్లకు ఆ మనిషి కదిలినట్లే ఉంటుంది. ఫోటో గంతులేయదు, మన చూపే దాని దగ్గరికి పోతుంది.

అది పవర్‌పాయింట్‌లోనూ చేయొచ్చు. ఫోటో మీద నొక్కి యానిమేషన్స్‌లో గ్రో/ష్రింక్ తీసుకోండి. సైజు 110 శాతం పెట్టండి. స్టార్ట్ దగ్గర విత్ ప్రీవియస్ పెట్టండి, డ్యూరేషన్ ఎనిమిది సెకన్లు. ఫోటో తెలిసీ తెలియనట్లు దగ్గరికి వస్తుంది. ట్రాన్సిషన్ అన్నింటికీ ఫేడ్ ఒకటే చాలు, అప్లై టు ఆల్ నొక్కితే అయిపోతుంది. నేను సుడిగాలులు, పక్షులు అన్నీ తీసేసినా. మిగతా ఫోటోలకు ఐదే ఉంచినా. తొమ్మిదోదానికి పది వేసినా.

ఫోటోల కింద రెండు మాటలు మా గోర్ బోలిలో రాసినా. మా భాషకు సొంత లిపి లేదు, తెలుగు అక్షరాల్లోనే రాసుకుంటాం. వేరే కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే అక్షరాలు మారిపోతాయి. ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి పోయి ఫాంట్లు ఫైల్లోనే కలిపే గడికి టిక్కు పెట్టండి.

మరుసటిరోజు అందరి ముందర వేసినా. తొమ్మిదో ఫోటో వచ్చింది. పది సెకన్లు అంటే చాలాసేపు అప్పా. నిలబడినోడికి తెలుస్తుంది. గొంతు తడారిపోయింది. 'ఈమె మా అమ్మ. మిరపకాయల కూలికి పోతుంది' అని అన్నా. ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీలో నాతో ఏడాదిగా కూర్చునే పిల్లోడు బయటికొచ్చినాక, 'మా అమ్మా వాళ్లు గూడా పోతార్రా' అన్నాడు. ఏడాదిగా ఇద్దరం ఒకరికొకరు చెప్పుకోలేదు.

తర్వాత ఎక్స్‌పోర్ట్‌లో క్రియేట్ ఎ వీడియో నొక్కి దాన్ని వీడియో చేసుకున్నా. పవర్‌పాయింట్ లేని ఫోన్లో కూడా ఆడుతుంది. ఆదివారం తండాకు పోయి రాత్రి తిన్నాక యాడికి చూపించినా. తాళాలేసిన వాకిళ్లు వస్తుంటే ఇది ఫలానావాళ్లది, ఇది ఫలానావాళ్లదని చెప్తాంది. తన ఫోటో రాగానే చెప్పడం ఆపేసింది. నేను భయపడినా. ఇట్లాంటిది అందరికీ ఎందుకు చూపించినావని అంటుందేమోనని.

ఫోటో పోయింది. 'వెనక్కి తిప్పు' అనింది. తిప్పినా. మళ్లీ పోయింది. 'నిలబెట్టురా' అనింది. నిలబెట్టినా. అప్పుడు ఎర్రగా పగిలిన వేలితో తెర మీద చూపిస్తా, తన వెనక సాళ్లల్లో వంగి ఉన్నోళ్లను ఒక్కొక్కరినే పేరు పెట్టి చెప్పింది. ఎవరు ఏ తండా, ఎవరి బిడ్డకు జ్వరం వచ్చింది, ఎవరు పాట ఎత్తుకుంటారు. ఆ ఫోటోలో అంతమంది ఉన్నారని నేను అప్పటిదాకా చూడనే లేదు. నాకు మా యాడి, గుడారమే కనిపించినాయి.

పది సెకన్లు కూడా సరిపోలేదు.

ఈ ఏడాది ప్రాజెక్టు చేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరికైనా స్లయిడ్ల దగ్గర ఇబ్బంది వస్తే నన్ను అడగండి, నాకు తెలిసింది చెప్తా. మీ ఇంటోళ్ల ఫోటోలుంటే పెట్టండి. పెట్టినాక ఆ గడిలో ఏ అంకె వేసినారో ఒకసారి చూసుకోండి.

రామ్ రామ్.