ఏం లేదు, తీస్కపోండి

తుర్కయంజాల్‌లో రెండు బస్సులు వదిలేస్తేగానీ సీటు దొరకలేదు. ఇబ్రహీంపట్నం వైపు నుంచి వచ్చే బస్సుల్లో పొద్దున పూట పిల్లలే ఎక్కువ. కొందరు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు పోతారు, కొందరు ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కుతారు. మా అక్క కూతురు కిటికీ పక్కన కూర్చుంది. మూడేళ్ళ కిందట ఇదే సాగర్ రోడ్డు మీద అర్ధరాత్రి ఆటోలో నా ఒళ్ళో తల పెట్టుకుని ఆసుపత్రికి పోయింది. అప్పుడు ఇంటర్ సెకండియర్. ఆ క్యాజువాలిటీని పగటిపూట ఒకసారి చూడాలని ఈమధ్య తనే అడిగింది. అక్కడి నర్సమ్మ మా కాలనీ మనిషి. పేషెంట్లు తక్కువుండే వేళ చెప్పి రమ్మంది. ఆసుపత్రి పేరు రాయను.

ఆరు మంచాలు, ఆకుపచ్చ పరదాలు. పిల్ల నేరుగా మూడో మంచం దగ్గరికి నడిచింది.

"ఈ ట్యూబులైటే చూసుకుంట పండుకున్న చిన్నమ్మా."

ఆ రాత్రి గుండె దడదడలాడి, ఊపిరందక, వేళ్ళు కొంకర్లు పోయాయి. ఈసీజీ తీశారు, షుగర్ చూశారు. అన్నీ బాగున్నాయి. "ఏం లేదు, తీస్కపోండి. పరీక్షల టెన్షన్" అన్నాడు డ్యూటీ డాక్టరు. మేమంతా దేవుడికి దండం పెట్టుకున్నాం.

"మీరు నవ్విండ్రు. ఏం లేకుంటే నాకెందుకట్లయిందో ఎవ్వరు చెప్పలే. నాటకమాడుతున్ననేమోనని నాకే అనుమానమొచ్చింది."

తర్వాత ఏడు నెలలు, ఎన్నిసార్లు అలా వచ్చినా, బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకుని కూర్చుందట. మాకు చెప్పలేదు. పక్క గదిలోనే ఉన్నాను నేను.

గుండె జబ్బు కాదని తేల్చడం అవసరమే, అది డాక్టరు సరిగానే చేశాడు. ఇంకో రెండు మాటలు కావాలి: నీకొచ్చిన బాధ నిజమే, దీన్ని పానిక్ అటాక్ అంటారు, రేపు ఫలానా చోటికి వెళ్ళు, తగ్గుతుంది. అంతే. ఆ రాత్రి ప్రశ్నలన్నీ నన్నే అడిగారు, జవాబులన్నీ నేనే చెప్పాను.

నర్సమ్మ మంచాల మధ్య నడుస్తూ ఇంకో సంగతి చెప్పింది. ప్రాణం మీదికి తెచ్చుకున్న పిల్లల్ని మోసుకొచ్చే తల్లిదండ్రులకు కేసు భయం పట్టుకుంటుంది. ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) రాస్తారు, కానిస్టేబుల్ వాంగ్మూలానికి వస్తాడు. అందుకే "పొరపాటున జరిగింది సార్" అంటారు. డాక్టరు అదే రాసుకుంటే పిల్లాడి మనసు గురించి అడిగేవాళ్ళే ఉండరు. నిజానికి 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్ళు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించకూడదనీ చెబుతుంది. దాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షన్ 2024 జులై 1న ఐపీసీతోపాటే పోయింది. ఈ ముక్క క్యాజువాలిటీ గోడ మీద పెద్దక్షరాలతో రాసి పెట్టాలి.

అదే చట్టం 94వ సెక్షన్ ప్రకారం, ప్రాణాపాయం ఉన్నప్పుడు రిజిస్టరైన డాక్టరెవరైనా మానసిక చికిత్స మొదలుపెట్టొచ్చు, 72 గంటల వరకు. రాత్రిపూట సైకియాట్రిస్ట్ లేరని పిల్లల్ని వెనక్కి పంపనక్కర్లేదు.

ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి రాసిస్తే చీటీ చించేసేవాళ్ళున్నారట. జాల్నా నుంచి 1953లో నగరానికి తరలివచ్చిన ఆ ఆసుపత్రి పేరును మనమే తిట్టుగా మార్చుకున్నాం. మా ఇంట్లోనూ అన్నాం, పిల్లల ముందే. పైగా మాకు అది నగరానికి అవతలి కొస.

మూడో మంచం తలాపున గోడ మీద స్కెచ్ పెన్నుతో 14416 అని రాసి ఉంది. టెలీ మానస్ నంబరు. ఏ వేళ చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. "పండుకున్నోళ్ళకు కనపడాలె కదా" అంది నర్సమ్మ. మా పిల్ల ఆ అంకెల మీద వేలు పెట్టి చూసింది.

బయల్దేరుతుంటే ఆటో వచ్చి ఆగింది. మెడలో కాలేజీ ఐడీ కార్డు ఉన్న కుర్రాడు వణుకుతున్నాడు. వెంట తల్లి, మేనమామ, ఇద్దరూ ఒకేసారి చెబుతున్నారు. నర్సమ్మ బీపీ చూసింది, వైర్లు తగిలించింది, డాక్టరు ఈసీజీ కాగితం చూసి తలూపాడు. అప్పుడు నర్సమ్మ ఒక చీటీ రాసి తల్లి చేతిలో పెట్టింది.

"అమ్మా, మీరిద్దరు మెడికల్ షాపుకు పోయి ఇవి తీస్కరండి. పిల్లగాని దగ్గర నేనుంట."

వాళ్ళటు వెళ్ళగానే పరదా లాగి, స్టూలు మంచం దగ్గరికి జరుపుకుంది.